గులాబ్‌ని దించే మాట

దసరా వెళ్లిన నాలుగో రోజు గులాబ్ మా మామయ్య కుడి భుజాన్ని పళ్లతో పట్టుకుని, మనిషిని అమాంతం ఎత్తి షెడ్డు గోడకేసి కొట్టింది.

నేను అప్పుడే ఫస్ట్ షిఫ్ట్ ముగించుకుని కంపెనీ బస్సు దిగుతున్నాను. అత్తయ్య కేకలు విని పరుగెత్తాను. మామయ్య తవుడు బస్తాల మధ్య కూలబడి ఉన్నాడు. చొక్కా నెత్తురుతో తడిసి భుజానికి అంటుకుపోయింది. దాని కింద ఎముక ఉండకూడని చోట ఎత్తుగా ఉంది. గులాబ్ వెనక కాళ్లతో తలుపును తన్నుతోంది. ఒక్కో తన్నుకు ఒక్కో చెక్క ఊడి వస్తోంది. నా భర్త చంద్రకాంత్ ఇనుప గొలుసు తీసుకుని లోపలికి వెళ్లాడు.

మొదటి దెబ్బ గుర్రం మొహం మీద పడింది. రెండోది మెడ మీద. మూడోది నా మోచేతి మీద పడింది, ఎందుకంటే అప్పటికి నేను మధ్యలోకి వెళ్లిపోయాను. దీన్ని ధైర్యం అనకండి. నాకు చిన్నప్పటి నుంచి ముందు కోపం వస్తుంది, బుద్ధి వెనక బస్సులో వస్తుంది.

"జరుగే," అన్నాడు చంద్రకాంత్.

"మామయ్యకి నెత్తురు కారుతోంది. ముందు ఆటో తీసుకురా."

గొలుసు అక్కడే పడేసి వెళ్లాడు. నేను గులాబ్ వైపు తిరిగాను. కంటి కింద చర్మం చీలి, తెల్లటి మొహం మీదుగా నెత్తురు ముట్టె దాకా జారుతోంది. రోజూ నానబెట్టిన శనగలు పెట్టే చెయ్యి నాదే. ఆ చేతిని వాసన చూసి అది తల పక్కకు తిప్పుకుంది. నన్నేమీ చేయలేదు.

గులాబ్ మగ గుర్రం. ఒళ్లంతా తెలుపు, ముట్టె ఒక్కటే గులాబీ రంగు. చెవులు నిక్కబొడిస్తే కొసలు ఒకదాన్నొకటి తాకుతాయి. మామయ్య నర్సింహ దాన్ని పిల్లగా ఉన్నప్పుడు తెచ్చి నాలుగేళ్లు పెంచాడు. రింగ్ రోడ్డుకు పోగా, కంపెనీలకు పోగా కర్దనూర్‌లో మాకు మిగిలింది ఒక ఎకరం. ఆ ఎకరంలో ఆయనకున్న సంబరమంతా ఆ గుర్రమే. దసరాకు ముందు వారం చంద్రకాంత్ ఎవరినీ అడక్కుండా దాన్ని పటాన్‌చెరులో ఒక పెళ్లి బరాత్‌కి తోలుకుపోయాడు. డీజే పెట్టెల మధ్య, కాళ్ల కింద పటాకులు పేలుతుంటే అది అడుగు కదపలేదు. పదిమందిలో పరువు పోయిందని గొలుసుతో కొట్టాడు. అది మొదలు గులాబ్ మగవాళ్లెవరినీ దగ్గరికి రానివ్వలేదు, చేత్తో తినిపించిన మామయ్యని కూడా.

మామయ్య సంగారెడ్డి ఆస్పత్రి నుంచి పిండికట్టుతో ఇంటికొచ్చిన మర్నాడే యాదన్న వచ్చాడు. బరాత్‌లకు గుర్రాలు కిరాయికిచ్చే మనిషి. ఆయన దగ్గరున్న గుర్రాలన్నీ డప్పు వినగానే ఆడతాయి. ఎలా నేర్పుతాడో ఊరందరికీ తెలుసు. రెండు గుంజల మధ్య కట్టేసి డప్పు మీద ఒక దెబ్బ, ముందు కాళ్ల మీద ఒక దెబ్బ. కొన్నాళ్లకు డప్పు ఒక్కటే చాలుతుంది.

"నాకియ్యి కాకా. నెల రోజుల్ల లైన్ల వెడ్త. నీ దగ్గరుంటె ఎవలనన్న సంపుతది."

"తీస్కపో," అన్నాడు చంద్రకాంత్. "నాయిన పాణం దీసేటిది. ఇంక దీన్ని ఉంచుకునుడేంది?"

మామయ్య గులాబ్ వైపు చూశాడు.

"మాలేగావ్ జాతరదాక ఆగుండ్రి," అన్నాడు. "రింగుల నిలవడ్డదా, నా దగ్గర్నే ఉంటది. నిలవడలేదా, యాదన్నా, అక్కడికెల్లే నువ్వు తోల్కపో. నేను అడ్డం రాను."

మాలేగావ్ అంటే నాందేడ్ అవతల ఖండోబా జాతర. గుర్రాలకు పేరున్న చోటు. రింగులో నడిపిస్తారు, పళ్లు చూస్తారు, చివర రెండు కాళ్ల మీద నిలబెట్టమంటారు. దానికి ఇంకా పదకొండు వారాలుంది.

"ఎవలు నిలవెడ్తరు? నీకు చెయ్యే లేదాయె," అన్నాడు చంద్రకాంత్.

మామయ్య మా అత్తయ్య మల్లమ్మ వైపు తిరిగాడు. "ఆమెకు చెప్పు. రేపు డ్యూటీకెల్లి వచ్చినంక షెడ్డు కాడికి రమ్మను."

'ఆమె' అంటే నేను, కృష్ణప్రియని. ఆయనకు మూడడుగుల దూరంలోనే టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను. పెళ్లయిన మూడేళ్లలో మామయ్య నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. మా నాన్న కాకినాడ పక్క నుంచి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు. నేను పుట్టింది ఇక్కడ, చదివింది ఇక్కడ. అయినా మామయ్యకి నేను చెప్పకుండా ఇంట్లో దూరిన ఆంధ్రా పిల్లనే. చంద్రకాంత్, నేనూ ఒకే మందుల కంపెనీలో పనిచేస్తూ పెళ్లి చేసుకున్నాం. సూపర్‌వైజర్‌ని కొట్టి అతను ఉద్యోగం పోగొట్టుకున్నాడు. నాది మిగిలింది. ఆ కోపం కూడా నా మీదే తీర్చుకునేవాడు.

మొదటి రోజు మామయ్య షెడ్డుకు ఇరవై అడుగుల దూరంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను దగ్గరికి వెళ్లగానే గులాబ్ ముక్కు ఎగబీల్చి పళ్లు చూపించింది. మామయ్య చుట్టూ చూశాడు. అత్తయ్య కనబడలేదు. ఇక గత్యంతరం లేక నాతోనే మాట్లాడాడు.

"కంపెనీ వాసన కడుక్కొని రా."

నా అత్తవారింటి పెద్ద నాతో అన్న మొదటి మాట అది. చేతులకు పట్టిన ఆ మందుల వాసన సబ్బుకు పోదు. బూడిదతో తోముకుని, పైన తవుడు రాసుకుని వచ్చాను. అప్పుడు గులాబ్ మెడ చాచింది.

ఆ తర్వాత రోజూ మూడింటికి అదే పని. నేను తాడు పట్టుకుని తిప్పుతుంటే ఆయన కుర్చీలోంచి తిట్టేవాడు.

"గట్ల గుంజకు. అది నీ మొగుడా, గుంజుకపోనీకి?"

"మొగుణ్ణి గుంజుకుపోయేంత బలముంటే నేనిక్కడెందుకుంటాను మామయ్యా?"

ఆయన నవ్వాడు. నవ్వితే భుజం నొప్పి పుట్టి, మళ్లీ నన్నే తిట్టాడు.

మామయ్య పద్ధతిలో కొరడా లేదు. వేళ్ల మధ్య బెల్లం ముక్క పెట్టుకుని చెయ్యి నెమ్మదిగా తల పైకెత్తాలి. గుర్రం మొదట మెడ ఎత్తుతుంది. కొన్ని రోజులకు ముందు కాళ్లు లేపుతుంది. ఆ తర్వాత బెల్లంతో పని లేదు, ఎత్తిన చెయ్యి చూస్తే చాలు లేస్తుంది. చెయ్యి పైన ఉన్నంతసేపూ అది రెండు కాళ్ల మీద నిలబడాలి. మనం లెక్కపెట్టాలి. జాతరలో ఎనిమిది దాకా నిలిస్తే మంచి గుర్రమంటారు. 'బస్' అంటే మెడ పక్కకు తిప్పుకుని ఉన్నచోటనే దిగుతుంది. అప్పుడు బెల్లం పెట్టాలి.

"బస్ అనలేదనుకోండి?" అని అడిగాను.

మామయ్య ఎడమ కాలి చెప్పు విడిచి చూపించాడు. చివరి రెండు వేళ్లు లేవు.

"గది ఇంకో గుర్రం. ఇరవై ఏండ్లాయె. మర్చిన. బస్ అనకుంటె కాళ్లు నొచ్చేదాక నిలవడ్తది, ఇగ ఎన్కకు దిగదు, ముంగటికే దిగుతది. ముంగట ఎవలుంటె వాళ్ల మీదికి. అందుకే అది లేవంగనే నువ్వు కుడి దిక్కు జరగాలె, నోట్ల మాట తయారుండాలె. చెయ్యి దించుడు మర్చిన గాని నోరు మర్వొద్దు. గంత దూరంకెల్లి అన్నా ఇంటది."

చెప్పి ఊరుకోలేదు. నేను చెయ్యెత్తితే, గులాబ్ లేస్తే, కుర్చీలోంచి తనే 'బస్' అన్నాడు. అది ఇరవై అడుగుల దూరం నుంచి వచ్చిన మాటకు కూడా చక్కగా దిగింది.

నేను లెక్కపెట్టడంలోనే తప్పు చేసేదాన్ని. "ఏక్, దో, తీన్..." అని గబగబా ఎనిమిదికి వెళ్లిపోయేదాన్ని.

"జల్దీ లెక్కవెడ్తున్నవ్ పిల్లా. భయమైతే లెక్క ఉర్కుతది. గడియారం కొట్టినట్టు పెట్టు."

ఎన్నిసార్లు చెప్పినా నాకు పట్టుబడలేదు. నేను ఎనిమిది అనేసరికి ఆయన ఆరులోనో ఏడులోనో ఉండేవాడు. ఇద్దరం ఆ రెండు అంకెల కోసం పోట్లాడుకునేవాళ్లం. నాకు ఆ గంటన్నర కోసమే తెల్లవారుతున్నట్టు ఉండేది. ఈ మాట ఆయనకెప్పుడూ చెప్పలేదు, చెబితే ఎగతాళి చేస్తాడని.

చంద్రకాంత్‌కి ఇదంతా మింగుడుపడలేదు. దీపావళి వెళ్లాక ఒక సాయంత్రం వంటింట్లోకి వచ్చాడు.

"మా నాయిన నాకు ఎన్నడు గుర్రం కాడ నిలవడి నేర్పియ్యలే. నీకెందుకు నేర్పుతుండు?"

ప్రశ్న న్యాయమైనదే. అతని మొహంలో నిజంగానే బాధ ఉంది. నేను జవాబు వెతుక్కునేలోపే కొట్టాడు. తల బీరువా అంచుకు తగిలింది, పెదవి చిట్లింది. కింద పడ్డాక నడుము మీద తన్నాడు. అది కొత్తేమీ కాదు. పక్క గదిలో టీవీ శబ్దం పెరగడం కూడా కొత్త కాదు. మా పుట్టిల్లు ఆటోలో అరగంట దూరం. వెళ్లిపోవచ్చు. కానీ నేను వెళ్లిపోతే గులాబ్‌ని రింగులోకి తీసుకెళ్లే మనిషి ఉండదు, అది యాదన్న గుంజల మధ్యకు పోతుంది. నన్ను ఆ ఇంట్లో ఆపింది ఆ గుర్రమేనంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు.

మర్నాడు నా మొహం చూసి మామయ్య కుర్చీలోంచి లేచాడు.

"ఇయ్యాల పని వద్దు. కూసో."

ఆ కుర్చీలో ఆయన తప్ప ఇంకొకరు కూర్చోగా నేను చూడలేదు. కూర్చున్నాను. పిండికట్టు చెయ్యి పట్టుకుని ఆయన పక్కన నిలబడ్డాడు. అత్తయ్య టీ తెచ్చి, నా పెదవి చూసి, నా కాళ్ల దగ్గర నేల మీద చతికిలబడింది.

"నా కుడి చెవు ఇనవడదు, ఎర్కేనా? ఎందుకో మీ మామనడుగు," అంది, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా.

మామయ్య గులాబ్ వైపే చూస్తున్నాడు.

"అన్నం సల్లగయిందని కొట్టిన," అన్నాడు చివరికి. "చంద్రుగాడు గప్పుడు ఆరేండ్లోడు. గడప కాడ నిలవడి సూసిండు."

ఆయన మీద నాకు అసహ్యం పుట్టింది. ఆయన కుర్చీలోనే కూర్చుని, ఆయన ఇంటి టీ తాగుతూ ఆయనను అసహ్యించుకున్నాను. మర్నాడు మళ్లీ మూడింటికి చేతులకు తవుడు రాసుకుని షెడ్డు దగ్గరికి వెళ్లాను. "రా బిడ్డా," అన్నాడు. అప్పటినుంచి బిడ్డా అనే పిలిచాడు. నేను పలికాను.

మామయ్య కుర్చీ రోజుకు కాస్త ముందుకు జరిగేది. గులాబ్ చెవులు వెనక్కి పెడితే ఆగేవాడు, ముందుకు పెడితే ఇంకొంచెం జరిపేవాడు. నవంబరు చివరికి పిండికట్టు తీశారు. కుడి చెయ్యి భుజం దాటి లేవదని డాక్టర్ చెప్పాడు. కుర్చీ అప్పటికి గుర్రానికి ఐదడుగుల దూరంలోకి వచ్చింది. గులాబ్ ఏడు దాకా నిలబడుతోంది, మామయ్య లెక్కలోనే.

జాతరకు పద్దెనిమిది రోజులుందనగా, ఆదివారం మధ్యాహ్నం, యాదన్న డీసీఎం వ్యాన్ మా సందులోకి వచ్చి ఆగింది. చంద్రకాంత్ ఇంట్లోంచి గొలుసు తీసుకుని వచ్చాడు. తాగి లేడు. తాగి ఉంటే చెప్పుకోవడానికి బాగుండేదని తర్వాత చాలామంది అనుకున్నారు.

"జాతర ఇంక గాలేదు," అన్నాడు మామయ్య కుర్చీలోంచి.

"జాతర లేదు గీతర లేదు. నేను మాటిచ్చిన. ఇయ్యాల పోతది." నా ముందుకు వచ్చి ఆగాడు. "జరుగు."

గులాబ్ నా వెనకే ఉంది, మెడలో తాడు లేకుండా. అప్పుడే పని ముగించి, లేచి లేచి అలిసిపోయిందని తాడు విప్పాను.

"జరగను."

"జరుగుతవా లేదా?"

"ముందు ఆ గొలుసు కింద పెట్టు చంద్రూ."

చెయ్యెత్తాడు. నేను మూడేళ్లుగా ఎరిగిన చెయ్యే. పిడికిలి తల పైన, మోచెయ్యి నిటారుగా, గొలుసు వీపు వెనక వేలాడుతూ. ఎనిమిది వారాలుగా నేను రోజుకు ఇరవైసార్లు ఎత్తుతున్న చెయ్యి కూడా అచ్చం అంతే. ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది. అతనికి తట్టలేదు. ఒక్క రోజు మా దగ్గర నిలబడి చూసి ఉంటే తట్టేది.

నా మీద నీడ పడింది. గులాబ్ ఊపిరి నా తల వెనక నుంచి పైకి వెళ్లిపోయింది. నేర్చుకున్న ప్రకారం కుడి వైపు జరిగాను.

చంద్రకాంత్ పైకి చూస్తూ ఉండిపోయాడు. చెయ్యి దించడం మర్చిపోయాడు, పక్కకు తప్పుకోవడం కూడా. ఏక్. దో. గులాబ్ ముందు కాళ్లు మడిచి, చెవుల కొసలు కలిపి నిలబడింది. అంత చక్కగా అది ఎప్పుడూ నిలబడలేదు. నాకు గర్వం కలిగిందని చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ కలిగింది. తీన్. చార్. మాట నా నోట్లో తయారుగానే ఉంది. పాంచ్. అది ఒక్క అక్షరమంత మాట. అనడానికి ఊపిరి కూడా అక్కర్లేదు. ఛే. నేను అనలేదు.

గులాబ్ ముందుకే దిగింది.

ఒక గిట్ట భుజం మీద పడింది, ఇంకొకటి దవడను రాసుకుంటూ రొమ్ము మీద పడింది. చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది, చెరుకు గడ విరిచినట్టు. అతను పడిపోయాక అది రెండడుగులు వెనక్కి వేసి, నా వైపు మెడ చాచింది. బెల్లం కోసం.

యాదన్న వ్యాన్ స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. అత్తయ్య గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చింది. మామయ్య కుర్చీలోంచి లేచాడు. ఆయన గొంతు మామూలుగానే ఉంది.

"దాన్ని కట్టెయ్యి బిడ్డా. ఆటోను పిలువు."

చంద్రకాంత్ బతికాడు. భుజం ముక్కలైంది, దవడకు తీగ వేశారు, నాలుగు పక్కటెముకలు విరిగాయి. ఆస్పత్రిలో పోలీసులు అడిగితే గుర్రం తొక్కిందని చెప్పాం. అది అబద్ధం కాదు.

మూడో రోజు అత్తయ్య పెద్దన్న సంగప్ప నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ల చేతుల్లో తాళ్లు, ఇనుప పైపులు ఉన్నాయి. అత్తయ్య ఆస్పత్రి నుంచి స్నానానికని ఇంటికి వచ్చి ఉంది.

"నా మేనల్లుని దవడ ఇరగ్గొట్టిన గుర్రం ఈ ఊళ్లె ఉండొద్దు బావా," అన్నాడు సంగప్ప. "యాదన్న గుడ వద్దంటుండు. ఇంటివాళ్ల మీదికే దునికేదాన్ని ఎవలు వెట్టుకుంటరు? ఈడనే కొట్టి పాతేస్తం. నువ్వు లోపలికి పో."

నేను షెడ్డు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఇక నా దగ్గర చేయడానికి ఏమీ లేదు. వాళ్లు ఐదుగురు.

"అది దునకలే," అన్నాడు మామయ్య. "సూపిస్త. సూసినంక మీ ఇష్టం. బిడ్డా, తాడు ఇప్పు."

"మామయ్యా, మీ దగ్గరికి రానివ్వదు."

"ఇప్పు."

విప్పాను. తొమ్మిది వారాల కిందట ఆ గుర్రం ఈ మనిషినే గోడకేసి కొట్టింది. ఆ తర్వాత ఆయన దాన్ని ముట్టుకోలేదు. కుర్చీ ఉండే చోటు నుంచి ఐదడుగులు నడిచి వెళ్లి దాని ముట్టె ముందు నిలబడ్డాడు. గులాబ్ చెవులు వెనక్కి పడ్డాయి. పైపు పట్టుకున్న వాళ్లలో ఒకడు "కాకా, వద్దు" అన్నాడు. మామయ్య తన ఎడమ చెయ్యి నెమ్మదిగా ఎత్తాడు.

గులాబ్ లేచింది.

ఆయన పక్కకు జరగలేదు. సరిగ్గా దాని గిట్టల కిందే నిలబడి పైకి చూస్తూ గట్టిగా లెక్కపెట్టాడు, గడియారం కొట్టినట్టు. ఎనిమిది దాకా పెట్టాడు. "బస్," అన్నాడు. గులాబ్ మెడ పక్కకు తిప్పుకుని, ఆయన చెప్పుకు జానెడు దూరంలో దిగింది. ఆయన జేబులోంచి బెల్లం తీసి పెట్టాడు.

"చెయ్యెత్తితే లేసుడు దీనికి నేర్పింది నేను. దించితే దిగుతది. నా కొడుకు దించలే." అత్తయ్య వైపు ఒకసారి చూశాడు. "చెయ్యెత్తుడు వానికి నేర్పింది గుడ నేనే. కొడితే నన్ను కొట్టుండ్రి."

సంగప్ప అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

"మరి నువ్వు బస్ అనంగనే దిగింది గద. ఆ దినం ఎవలన్న అనకపోయిండ్రా?"

మామయ్య నా వైపు చూడలేదు.

"టైమెక్కడుండె?" అన్నాడు.

టైముంది. ఆరు లెక్కలంత టైముంది. ఆ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే అనుకున్నాను. మామయ్య ముసలాడు, చూపు ఆనలేదేమో, కంగారులో లెక్క తెలియలేదేమో అని నాకు నేను చెప్పుకున్నాను.

అత్తయ్య వెళ్లి గేటు తెరిచి పట్టుకుంది. "ఇగ పో అన్నా. ఆస్పత్రికి అన్నం తీస్కపోవాలె," అంది. వాళ్లు పైపులు ఈడ్చుకుంటూ వెళ్లిపోయారు.

జాతరకు మమ్మల్ని పంపింది కూడా అత్తయ్యే. "పోండ్రి. ఇంట్ల ఉండి మీరు జేసేదేంది? వాని కాడ నేనుంట," అంది. మిగిలిన రోజులు మామయ్య, నేనూ మాటల్లేకుండా పనిచేశాం. నేను చెయ్యెత్తినప్పుడల్లా నాకు చంద్రకాంత్ మొహం కనబడేది. 'బస్' అనే మాట గొంతులోంచి అరుపులా వచ్చేది.

మాలేగావ్‌లో దుమ్ము, పసుపు, గుర్రాల చెమట. రింగులో మిగతా అందరూ తలపాగాల మగవాళ్లే. నేను చుడీదార్‌లో, చేతులకు తవుడుతో గులాబ్‌ని నడిపించాను. కొందరు ఈల వేశారు. గులాబ్ వాళ్ల వైపు చెవి కూడా తిప్పలేదు. జడ్జి ఒక ముసలి మరాఠీ పెద్దాయన. పళ్లు చూడటానికి వచ్చి చెయ్యి దాని నోటి దగ్గర పెట్టాడు. ఒక మగవాడి చెయ్యి, దాని పళ్ల మధ్య. గులాబ్ పెదవి ఎత్తనిచ్చింది. రింగు తాడు అవతల మామయ్య నిలబడి కళ్లు తుడుచుకోవడం చూశాను. దుమ్ము వల్ల కాదు.

చివరికి చెయ్యెత్తాను. గులాబ్ లేచింది. జనం అరిచారు. ఏక్, దో అని లెక్కపెట్టాను. ఎనిమిది అనుకుని "బస్" అన్నాను. తాడు అవతల నుంచి మామయ్య కూడా సరిగ్గా అప్పుడే అన్నాడు. రెండు గొంతులూ విని అది నా పక్కన మెత్తగా దిగింది.

మాకు మూడో స్థానం వచ్చింది. శాలువా కప్పి, కాషాయం తలపాగా చుట్టారు. అది నా తలకు పెద్దదై కళ్ల మీదికి జారితే మామయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. గులాబ్ మాతో ఇంటికి వస్తుంది. ఇక దాన్ని అడిగేవాళ్లు లేరు. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను. ఆ తర్వాత మామయ్య గడ్డిమోపు విప్పుతుంటే పక్కన కూర్చున్నాను. అంత సంతోషంలో ఆ మాట లోపల పెట్టుకుని ఉండటం నా వల్ల కాలేదు.

"మామయ్యా, ఆ రోజు నేను బస్ అనలేదు."

ఆయన గడ్డి దులుపుతూనే ఉన్నాడు. "ఎర్క."

"టైం లేక కాదు. మాట నోట్లోనే ఉంది. ఆరు దాకా లెక్కపెట్టాను."

ఆయన మోపు తాడు చుట్టి పక్కన పెట్టాడు. ఇప్పుడు మా ఇంట్లో తండ్రి కుడి చెయ్యీ కొడుకు కుడి చెయ్యీ రెండూ భుజం దాటి లేవవు. చంద్రకాంత్ పటాన్‌చెరులో గది తీసుకుని ఉంటున్నాడు, అత్తయ్య ఆదివారాలు క్యారియర్ పట్టుకుని వెళ్తుంది, నేను విడాకులకు కోర్టులో కాగితాలు వేశాను. ఇవన్నీ తర్వాత జరిగాయి. ఆ సాయంత్రం మాత్రం మామయ్య నన్ను ఛీ అంటాడని, ఇంటికి రావద్దంటాడని కాచుకుని కూర్చున్నాను. ఆయన గడ్డిని గులాబ్ ముందు వేసి, చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"ఆరు గాదు బిడ్డా, ఐదే," అన్నాడు. "నేను గుడ లెక్కవెట్టిన. నువ్వెప్పుడు జల్దీ పెడ్తవ్."